మిట్టమధ్యాహ్నం కప్పిన కల్లం

వీరయ్యను సాయంత్రం నాలుగు గంటలకు మాచర్ల కోర్టులో హాజరుపరుస్తారు. అనసూయ రన్‌వే తూర్పు కొసకు చేరేసరికి ఒంటిగంటా పది నిమిషాలయింది. ఆమె చేతిలో మూడు గంటలు కూడా లేవు.

ఆమెను పిలిపించింది వీరయ్య మనుషులు కాదు, చనిపోయిన నెహెమ్యా కూతురు నిరోష. ఇరవై ఏళ్లు పోలీసు ఉద్యోగం చేసి, దాన్ని వదులుకుని, నరసరావుపేటలో సొంతంగా కేసులు పరిశోధిస్తున్న అనసూయ దగ్గరికి హతుల పిల్లలు చాలామందే వచ్చారు. నిందితుణ్ణి విడిపించమని వచ్చిన పిల్ల మాత్రం ఈమె ఒక్కతే.

"మా నాన్నని చంపినోళ్లు దొరికితే దొరుకుతారు, లేకపోతే లేదు మేడమ్," అంది నిరోష పొద్దున్నే, గుమ్మంలో నిలబడే. "వీరయ్య మావయ్య మాత్రం జైలుకి పోగూడదు. ముప్పయ్యేళ్లు ఒకే క్యారేజీలో అన్నం తిన్నారు వాళ్లు. మావయ్య కూడా పోతే మా నాన్న సంగతి మాట్టాడుకోటానికి నాకింకెవరూ మిగలరు."

వెల్దుర్తికి తొమ్మిది కిలోమీటర్ల అవతల, ఒకప్పుడు పత్తికి మందు చల్లే విమానాల కోసం వేసిన రన్‌వే అది. చివరి విమానం దిగి ముప్పై ఒక్క ఏళ్లయింది. ఆ తరువాత చుట్టుపక్కల రైతులకు అదే మిర్చి కల్లమయింది. ఏటా మాఘం నుంచి చైత్రం దాకా దాని మీద కాయలు ఎండుతాయి. కాపలాదారు నెహెమ్యా ఎవరినీ కాదనలేదు. రోజుకు మూడుసార్లు, ఎనిమిదికి, పన్నెండుకు, నాలుగుకు స్తంభానికి కట్టిన గాలి సంచిని చూసి, గాలి ఎటునుంచి వీస్తున్నదో ఒక పుస్తకంలో రాసుకునేవాడు. విమానాలు రాకపోయినా రాశాడు. ఎవరూ అడగకపోయినా రాశాడు.

ఈ వేసవిలో ఆ పుస్తకానికి అర్థం వచ్చింది. మే నెల రెండో శనివారం పల్నాటిలో మొట్టమొదటి విమాన ప్రదర్శన. ఇంకా పది రోజులుంది. నెలాఖరులోగా రన్‌వే ఖాళీ చేయాలని కమిటీ ఉత్తర్వు ఇచ్చింది. అందరూ తీశారు, చివరి కోత ఆలస్యమైన వీరయ్య తప్ప. ఉత్తర్వు మోసుకెళ్లిన నెహెమ్యాకూ వీరయ్యకూ ఆదివారం టీ కొట్టు దగ్గర మాటామాటా పెరిగింది. ఇరవై మంది విన్నారు. మంగళవారం, అంటే నిన్న, సాయంత్రం నాలుగూ పదికి నెహెమ్యా శవం వీరయ్య కల్లంలో, వీరయ్య టార్పాలిన్ పట్టా కింద దొరికింది. ఆరు గంటలకు సి.ఐ. సుధీర్ బాబు వీరయ్యను అరెస్టు చేశాడు.

ఒకప్పుడు అనసూయ చేతికింద పని నేర్చుకున్నవాడే సుధీర్ బాబు. ఆ తొందర ఎక్కడిదో ఆమెకు తెలుసు. ఈపూరు మండలానికి చెందిన ఒక మనిషిని ఆమె అరగంటలో దోషిగా తేల్చింది. నాలుగేళ్ల తరువాత అతను నిర్దోషి అని తేలింది. అప్పటికి అతను జైలు ఆసుపత్రిలో చనిపోయి మూడు నెలలు. ఆ కేసులో ఆమె పక్కన కూర్చుని కాగితాలు రాసింది సుధీరే.

*

కల్లంలో కాయలు ఏరే కూలీల మేస్త్రీ కరుణమ్మ. గట్టు మీద, గొడుగు నీడలో కూర్చుని ఉంది. అనసూయ ఆమె ఎదుట నేల మీదే కూర్చుంది. వెంట వచ్చిన నిరోష పక్కనే నిలబడింది.

"నిన్న మీరు ఎన్నింటికి లేచారు?"

"పదకొండున్నరకమ్మా. ఎండాకాలం గదా. పొద్దున ఆరుకి దిగుతాం, పదకొండున్నరకి లేస్తాం, మళ్లా నాలుక్కి వస్తాం. ఆ మధ్యలో ఈడుంటే కాయలతో పాటు మమ్మల్ని గూడా గోతాలకెత్తుకోవాల."

"అప్పుడు ఇక్కడ ఎవరున్నారు?"

"వీరయ్య బండి తీస్తా ఉన్నాడు, గోతాలకి ఎల్దుర్తి పోతన్నానని. నెహెమ్యా అన్న ఆ స్తంభం కాడ కూకోనున్నాడు."

"నాలుగింటికి తిరిగొచ్చారు. మొదట ఏం చూశారు?"

"పట్టా."

"మనిషిని కాదు."

"మనిషి యాడ కనపడతాడమ్మా, పట్టా తీస్తే గదా."

"పట్టా చూసి ఏమన్నారు?"

కరుణమ్మ నిరోష వైపు చూసి తల దించుకుంది.

"చెప్పు పిన్నీ. నేనేమీ అనుకోను."

"తిట్టినా. ఏ బుద్ధిలేని సచ్చినోడు కప్పాడే దీన్నని తిట్టినా. ఇంకా చానా అన్నా. దాని కింద అన్న ఉన్నాడని తెలిస్తే అంటానా అమ్మాయ్. రాత్రి నుంచి అన్నం ముద్ద పెట్టుకుంటే ఆ మాటే అడ్డం పడతంది."

నిరోష ఆమె భుజం మీద చెయ్యి వేసింది. అనసూయ మళ్లీ అడిగింది. "పట్టా కప్పితే అంత కోపమెందుకు?"

"మజ్జానం పూట కప్పితే కోపం రాదా? రెండు రోజుల నాటి కాయ, ఇంకా పచ్చిదనం పోలా. ఎండలో పట్టా ఏస్తే కింద ఉడికిపోద్ది. చెమట పట్టి, రంగు పోయి, తాలు కింద లెక్క, ధర రాదు. పొద్దుగూకినాక మంచుకి కప్పుతాం, పొద్దెక్కినాక తీస్తాం. మా పిలకాయలక్కూడా తెలుసు. పైగా పట్టా తిరగబడి ఉంది."

"తిరగబడి అంటే?"

"వీరయ్య పట్టాల మీద తెల్లరంగుతో పేరు రాసుకుంటాడు. పేరు పైకుండాల. ఆ పక్కే మన్నూ మంచూ పడేది. రెండో పక్క కాయకి తగిలేది, దాన్ని తుడిచి మడత పెడతాడు. నిన్న పేరు కాయల మీదుంది. మన్నంతా కాయలకే."

"గాలికి ఎగరకుండా ఏమైనా పెట్టారా?"

"నాలుగు మూలలా నాలుగు రాళ్లు. తిట్టుకుంటా మేమే తీసి గట్టు మీదికి ఇసిరేశాం, తరవాత పట్టా లాగాం. పోలీసులొచ్చేతలికి అయిదున్నర. అప్పటికి ఆ రాళ్లు గట్టు రాళ్లలో కలిసిపోయినయ్."

"ఇదంతా పోలీసులకు చెప్పారా?"

"అడిగితే గదా. వాళ్లడిగింది ఒకటే, వీరయ్యకీ ఆయనకీ తగూ ఉందా లేదా అని. ఉందన్నాం. పట్టా సంగతి ఎవరూ అడగలా, మేం చెప్పలా."

*

కల్లం మీద ఆ పట్టా గుర్తు ఇంకా ఉంది. ఎరుపులో ఒక నలుచదరపు నల్లటి మచ్చ. అనసూయ వంగి ఆ మచ్చ లోపలి కాయ ఒకటి, బయటి కాయ ఒకటి తీసుకుని రెండు చేతుల్లో పట్టుకుంది. బయటిది గలగలలాడింది. లోపలిది మెత్తగా, చచ్చుగా ఉంది.

మచ్చ మధ్యలో నెహెమ్యా పడి ఉన్న చోటు. అక్కడ కాయలు చితికి గింజలు బయటపడ్డాయి. అయితే చితికినది ఆ ఒక్క చోటే కాదు. అక్కడినుంచి పడమటి అంచు వైపుగా, జానెడు వెడల్పున ఒక చార సాగింది. ఆమె టేపుతో కొలిచింది. మూడున్నర అడుగులు. అంచుకు ఇంకా అయిదు అడుగులుంది.

పన్నెండు గంటలకు మాచర్ల ఆసుపత్రి డాక్టరు ఫోనులో చెప్పిన మాటలు ఆమెకు గుర్తున్నాయి. తల వెనుక గాయం చిన్నది, దానితో మనిషి పోడు. చావుకు కారణం వేడి. పన్నెండున్నరకూ ఒకటిన్నరకూ మధ్య.

"ఇదేంది మేడమ్?" నిరోష ఆ చార పక్కన నిలబడి ఉంది. "ఈడ గూడా నలిగినయ్యేంది?"

అబద్ధం చెప్పడానికి ఒక క్షణం చాలు. అనసూయ ఆ క్షణాన్ని జారిపోనిచ్చింది.

"మీ నాన్న కదిలాడమ్మా."

 నిరోష ఆ చార పొడవునా కళ్లతోనే నడిచి, అది ఆగిపోయిన చోట ఆగింది. ఏడవలేదు. చెప్పులు విడిచి చేత్తో పట్టుకుని, కల్లం బయటికి వెళ్లి నిలబడింది.

చనిపోయినవాణ్ణి కప్పడం మనుషులు ఒకరికొకరు చేసే ఆఖరి మర్యాద. ఆ మర్యాదే ఒక మనిషిని చంపింది. కప్పినవాడు అతను చనిపోయాడనుకున్నాడా? అనుకోవాలనుకున్నాడా? ఆ రెంటి మధ్య ఉన్న దూరమే ఈ కేసు అనిపించింది అనసూయకు.

*

జీపు ఒంటిగంటా యాభైకి వచ్చింది. ముందు సుధీర్ బాబు దిగాడు. వెనుక ఒక కానిస్టేబులు, బేడీలతో వీరయ్య. కోర్టుకు వెళ్లేలోగా సంఘటనా స్థలంలో పంచనామా పూర్తి చేయాలి.

"మేడమ్ ఇక్కడున్నారని ఇప్పుడే తెలిసింది," అన్నాడు సుధీర్. "ఎండలో ఎందుకు మీకీ శ్రమ? ఇది వట్టి తగాదా కేసు."

"తగాదా కేసులు నాకు బాగా తెలుసు సుధీర్. ఒకటి మనిద్దరం కలిసి చేశాం."

అతని మొహంలో ఏదో కదిలి మాయమయింది. "దానికి మీరు ఉద్యోగం మానేశారు. నేను చేస్తున్నాను. ఎవరో ఒకరు చెయ్యాలి కదా."

వీరయ్య కల్లం వైపు చూస్తున్నాడు. నల్లటి మచ్చ మీదే అతని చూపు. "అమ్మాయ్," అన్నాడు నిరోషతో, "పైన నాలుగు రోజులు తిప్పితే కొన్నన్నా బాగుపడతయ్. కరుణమ్మతో చెప్పు." ఆ మాట అన్నాక, తను ఏ స్థలం గురించి మాట్లాడాడో తెలిసి, బేడీల చేతులతో మొహం కప్పుకున్నాడు.

"చూశారా," అన్నాడు సుధీర్. "శవం దొరికిన చోటు. ఇతనికి కాయల బెంగ."

"అదే చెబుతున్నాను. ఉడికిపోతాయని తెలిసినవాడు మధ్యాహ్నం పట్టా వెయ్యడు. శవాన్ని దాచాలంటే కాయలు ఎగదోసి కుప్ప చేస్తాడు. పావుగంట పని. ఎవరికీ అనుమానం రాదు."

"హత్య చేసినవాడు కాయలు పోతాయని ఆలోచిస్తాడా మేడమ్?"

"ఆలోచించడు. అందుకే చేతులు అలవాటైన పనే చేస్తాయి. పేరున్న పక్క కిందికి వేసిన చేతులు ఈ కల్లానివి కావు."

"ఇదంతా నవల్లో బాగుంటుంది. నింపాదిగా పట్టా కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి మరీ వెళ్లాడు. అంత నింపాది సొంత కల్లంలోనే వస్తుంది. కూలీలు లేచింది పదకొండున్నర. ఇతను బయల్దేరింది పదకొండూ నలభై. ఆ పది నిమిషాల్లో జరిగింది. వెల్దుర్తి పెట్రోలు బంకు కెమెరాలో పదకొండూ యాభై ఐదుకు కనిపిస్తున్నాడు. నేనే చూశాను."

అతని మాటల్లో ఒకటి ఆమె మనసులో ఎక్కడో తగులుకుంది. ఏదో తెలియలేదు. వెతకడానికి సమయం లేదు.

"ఆ కెమెరా గడియారం సరైనదేనా?"

"నా చేతి గడియారంతో పోల్చి చూశాను."

"మంచిది. నెహెమ్యా గాలి పుస్తకం మీ దగ్గరుందా?"

"శవం జేబులో దొరికింది. గాలి లెక్కలు. దానితో ఏం పని?"

"చూపించు."

కానిస్టేబులు కవరులోంచి తీసి ఇచ్చాడు. మంగళవారం పేజీలో రెండే వరుసలు. వయసు మీదపడిన, తొందరలేని అక్షరాలు. ఎనిమిది గంటలు: పడమర, నెమ్మది. పన్నెండు గంటలు: ఆగ్నేయం, సంచి సగం నిండింది.

"పన్నెండుకు బతికి ఉన్నాడు సుధీర్."

"పన్నెండుకే రాశాడని రుజువేమిటి? ముందే రాసుకుని ఉండొచ్చు. రోజూ ఒకటే గాలి కదా."

"మా నాన్నా?" అంది నిరోష.  "మా అమ్మ పోయిన రోజు గూడా పన్నెండింటికి లేచి ఈడికొచ్చి, చూసి, రాసుకోని మళ్లా వచ్చి అమ్మ కాడ కూర్చున్నాడు."

అనసూయ ఫోను తీసి, మండలాఫీసు ఆవరణలోని వాతావరణ యంత్రం చూసే అయాజ్‌కు చేసింది. అందరికీ వినపడేలా స్పీకరు పెట్టింది.

"నిన్న పగలు గాలి ఎటునుంచి, బాబూ?"

"పొద్దున్నుంచీ పడమరే మేడమ్." కీబోర్డు టకటకలు. "పదకొండూ యాభై రెండుకి ఆగ్నేయానికి తిరిగింది. ఈ వారం మొత్తంలో అట్టా తిరగడం నిన్నొక్కరోజే."

 అనసూయ ఫోను జేబులో పెట్టుకుంది.

"తిరగని గాలిని ముందే ఎవరూ రాయలేరు. యాభై రెండు తరువాతే నెహెమ్యా ఈ వరుస రాశాడు. యాభై ఐదుకు వీరయ్య తొమ్మిది కిలోమీటర్ల అవతల ఉన్నాడు. నువ్వే చూశావు, నీ గడియారంతో పోల్చి మరీ. ఆ తరువాత?"

కానిస్టేబులు మెల్లగా అన్నాడు. "మూడున్నర దాకా గోతాల షాపులోనే ఉన్నాడు సార్. అయిదుగురు చెప్పారు."

ఆమె పుస్తకం మూయబోతూ ఒక పేజీ వెనక్కి తిప్పింది. సోమవారం, నాలుగు గంటల వరుస కింద చిన్న అక్షరాలు: రన్‌వే కింది తూము మీద గునపం దిగిపోయింది. సాయి కిరణ్ గారికి మళ్లీ చెప్పాలి, శుక్రవారం లోపల. ఏమీ అనకుండా మూసి, కానిస్టేబులుకు తిరిగి ఇచ్చింది. అతను దాన్ని కవరులో పెట్టి జీపులో ఉంచాడు.

సుధీర్ చాలాసేపు గట్టు వైపు చూశాడు. గొడవ పడతాడనుకుంది ఆమె. పడలేదు.

"సరే మేడమ్," అన్నాడు. "మీదే పైచెయ్యి. కోర్టుకు తీసుకుపోతే రిమాండు తప్పదు. స్టేషనులో నాలుగు సంతకాలు పెట్టించి ఇంటికి పంపుతాను. బేడీలు తియ్యి."

బేడీలు ఊడినప్పుడు వీరయ్య మణికట్లు తడుముకోలేదు. తిన్నగా నిరోష దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. "మీ నాన్న ఆదివారం నాతో మాట్టాడింది కాయలు తియ్యమని కాదమ్మాయ్," అన్నాడు. "నాలుగు రోజులాగి తియ్యి బావా, ఆ తూము సంగతి తేల్చుకోనీ అన్నాడు. నాకే అర్థం కాలా. ఒకపూట తియ్యమంటావ్, ఒకపూట ఆగమంటావ్, నీకేమన్నా పిచ్చా అని అరిచా. అదే ఆఖరు మాట."

ఈపూరు మనిషి బతికుండగా ఎవరో ఒకరు ఇలా బేడీలు తీయించి ఉంటే, అనుకుంది అనసూయ. పదేళ్లుగా మోస్తున్నది కొద్దిగా తేలికైనట్టు అనిపించింది. ఆ తేలికను ఆమె అనుమానించలేదు.

*

కమిటీ టెంటు రన్‌వే మధ్యలో ఉంది. రెండూ నలభైకి ఆమె లోపలికి వెళ్లేసరికి సాయి కిరణ్ ఒక్కడే, బల్ల మీద పరిచిన మ్యాపు ముందు కూర్చుని ఉన్నాడు. ముప్పై రెండేళ్ల ఇంజనీరు. సత్తెనపల్లివాడు. ప్రదర్శనకు నేల మీది ఏర్పాట్లన్నీ అతనివే.

మ్యాపు మీద రంగురంగుల పిన్నులు. బడి బస్సులు ఆగే చోటు, నీళ్ల ట్యాంకర్లు, ఆడవాళ్ల వరుస, మైకు స్తంభాలు. ఒక మూల కాగితపు టోపీల కట్టలు పైకప్పు దాకా ఉన్నాయి.

"ఎంతమంది వస్తారనుకుంటున్నారు?"

"అరవై వేలు." అడగ్గానే అతని గొంతులో ప్రాణం వచ్చింది. "నూట నాలుగు బడులు పేర్లిచ్చాయి మేడమ్. గురజాలలో ఒక బడి పిల్లలు రోజూ ప్రార్థన అయ్యాక ఆకాశం చూడటం ప్రాక్టీసు చేస్తున్నారట. శుక్రవారం రిహార్సలుకు రెండు విమానాలు ఇక్కడే దిగుతాయి."

"నెహెమ్యా ఏం అడిగాడు?"

ప్రాణం మళ్లీ పోయింది. "గాలి సంచి స్తంభం దగ్గర నిలబడనివ్వమన్నాడు. అంతే. కుర్చీ కూడా వద్దన్నాడు."

టెంటు గుడ్డకు ఒక పెద్ద పోస్టరు అంటించి ఉంది. పైనుంచి తీసిన రన్‌వే బొమ్మ, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎర్రగా. కింద విమాన ప్రదర్శన తేదీ.

"ఇది ఎప్పుడు తీశారు?"

"మార్చి ఇరవై రెండు. డ్రోన్‌తో. ఎర్ర తివాచీ పరిచినట్టుందని కమిటీ అంతా..."

"రన్‌వే నేలంతా నడిచి పరీక్షించినట్టు మీరు సంతకం చేసిన తేదీ?"

అతను ఫైలు వైపు చూశాడు. బల్ల మీది ఫైలును ఆమె తనే తెరిచింది. మొదటి కాగితమే అది. మార్చి ఇరవై రెండు. తొమ్మిది వందల మీటర్లు, పగుళ్లు లేవు, కుంగుబాటు లేదు.

"ఈ కాయల కింద నేల మీకు ఎలా కనిపించింది?"

"ఆ రోజు కాయలు ఎత్తించాలంటే వారం పడుతుంది. ముప్పై ఏళ్లుగా ఉన్న నేల కదా అనుకున్నాను."

"నెహెమ్యా అనుకోలేదు."

"మూడుసార్లు చెప్పాడు," అన్నాడు సాయి కిరణ్. "మొన్నటి వానలకు తూము కింద మన్ను కొట్టుకుపోయింది, పైన పెంకే మిగిలింది, చక్రం పడితే దిగబడుతుంది అన్నాడు. మరమ్మతుకు నెలన్నర. అప్పటికి వానలు. వాయిదా పడితే మళ్లీ జరగదు మేడమ్. మన పల్నాటికి ఎవరొస్తారు? గొడవలు జరిగితే తప్ప మన పేరు ఎవరైనా తలుస్తారా?"

"అతనికి ఈ ప్రదర్శన ఇష్టం లేదనా?"

"నాకంటే ఎక్కువ ఇష్టం. అదే నాకు అర్థం కాలేదు. ముప్పై ఏళ్లు ఎదురుచూసినవాడు వద్దంటాడేంటి?"

అనసూయ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇష్టమైనదాన్ని వద్దనగలగడం గురించి ఆమెకు కొంత తెలుసు.

"నిన్న ఎన్నింటికి వచ్చావు బాబూ?"

ఆ 'బాబూ' అతన్ని కూల్చింది.

"పన్నెండుంబావు. గునపం దింపి చూపిస్తానన్నాడు. నేను లాక్కున్నాను. వెనక్కి పడ్డాడు. పాత దీపం దిమ్మె తలకు తగిలింది. కదల్లేదు. పోయాడనుకున్నాను. ఎండలో అలా చూడలేక, మడత పెట్టిన పట్టా పక్కనే ఉంటే పరిచాను."

"కాయల మీదికి?"

"దిమ్మె కాయల మధ్యలోనే ఉంది."

"రాళ్లు?"

"రాళ్లు నేను పెట్టలేదు."

అప్పుడు దొరికింది ఆమెకు, ఇందాక మనసులో తగులుకున్నది. సుధీర్ అన్న మాట: నాలుగు మూలలా రాళ్లు. పోలీసులు రాకముందే కూలీలు విసిరేసిన రాళ్లు. పోలీసులు అడగని, వాళ్లకు ఎవరూ చెప్పని రాళ్లు.

"ఆ కాగితం మీద రెండో సంతకం ఎవరిది?" అంది. అడుగుతూనే కిందికి చూసింది. బందోబస్తు తరఫున, అని ఉంది. ఆ సంతకం ఆమెకు బాగా తెలుసు. ఈపూరు కేసు కాగితాల నిండా అదే.

"నిన్న ఇద్దరం ఒకే కారులో వచ్చాం," అన్నాడు సాయి కిరణ్. అతని చూపు మ్యాపు మీదే ఉంది. "పట్టా పరిచాక అది కదిలింది. లోపలినుంచి మంచినీళ్లు అడిగాడు. నా పేరు పెట్టి అడిగాడు. నేను కారు దగ్గరికి పరిగెత్తి సీసా తెచ్చాను. సార్ నా చేతిలోంచి తీసుకుని, మూత తిప్పి, తను తాగారు. ఇప్పుడితను లేస్తే మనిద్దరం పోతాం అన్నారు. తరువాత గట్టు మీదినుంచి రాళ్లు ఏరుకొచ్చారు. నన్ను కారెక్కమన్నారు. ఎక్కాను మేడమ్. ఎక్కి కూర్చున్నాను."

*

ఆమె బయటికి వచ్చేసరికి జీపు లేదు. కానిస్టేబులు ఒక్కడే గేటు దగ్గర, రేకు నీడలో నిలబడి ఉన్నాడు.

"సార్ ఎక్కడ?"

"వెళ్లిపోయారు మేడమ్. వీరయ్యని తనే దింపుతానన్నారు. నన్నిక్కడే కాపలా ఉండమన్నారు."

"ఏ దారిన వెళ్లారు?"

అతను చెయ్యి ఎత్తి చూపించాడు. ఊరికి పోయే దారి కాదు, మాచర్ల దారి కాదు. కొండ వెనుక అడవిలోకి పోయే మట్టి రోడ్డు.

"కోర్టుకు హాజరుపరచడం లేదని రాసి ఇచ్చారా? విడుదల చేసినట్టు ఎక్కడైనా రాశారా?"

"లేదు మేడమ్. అన్నీ తరవాత చూసుకుందామన్నారు."

సుధీర్ ఫోను మోగలేదు, ఆపేసి ఉంది. అనసూయ జిల్లా ఎస్పీ నంబరు నొక్కుతూ కారు వైపు పరిగెత్తింది. నాలుగు గంటల కోర్టు వీరయ్య మెడకు ఉరి అని ఇంతసేపూ అనుకుంది ఆమె. మేజిస్ట్రేటు ఎదుట నిలబడే దాకా అతని ప్రాణానికి లెక్క చెప్పాల్సినవాడు ఒకడుండేవాడు. ఆ లెక్కను ఆమే కొట్టేయించింది. చేతులకు బేడీలు లేని ముద్దాయి అడవిలో పారిపోబోయాడంటే ఎవరు కాదంటారు? చచ్చిన ముద్దాయి మీద కేసు నడవదు. గాలి పుస్తకం కూడా జీపులోనే ఉంది.

అవతల ఫోను మోగుతూనే ఉంది. గట్టు మీదినుంచి నిరోష ఎదురొచ్చింది. నిన్నటినుంచి మొదటిసారి ఆ పిల్ల మొహంలో కాస్త వెలుగు.

"అత్తయ్యకి ఫోను చేసి చెప్పా మేడమ్. నిన్నటి కాడినుంచి మావయ్య ఏమీ తినలేదంట, అన్నం వండుతోంది," అంది. "ఎంతసేపట్లో వస్తాడని అడగతంది. ఏం చెప్పమంటారు?"